మీ ప్రాంతంలో సర్కారు ఆసుపత్రి కావాలంటే: చెన్నైలో స్థలం చూడటం నుంచి అర్జీ పెట్టేదాకా

"మా కాలనీ పక్కన ఖాళీ స్థలం ఉంది. అక్కడ సర్కారు ఆసుపత్రి కట్టమని ఎవరికి అర్జీ పెట్టాలి?" మాధవరం నుంచి ఒకరు, షోళింగనల్లూరు నుంచి ఒకరు, ఇలా నెలకు ఇద్దరు ముగ్గురు మన తెలుగువాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. బిల్డింగ్ ప్లాన్లు గీసే ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేశాను. మా కాలనీ సంఘం తరఫున ఇలాంటి ప్రయత్నంలోనే ఒకసారి చేతులు కాల్చుకున్నాను కూడా. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. అర్జీ ఆఖరున వస్తుంది. దానికి ముందు చేసే పనే ఎక్కువ, ఆ పని సరిగ్గా చేస్తే అర్జీ రెండు పేజీల్లో అయిపోతుంది. నలుగురు మనుషులు, ఏడెనిమిది ఆదివారాలు పెట్టుకోండి. ఆ నలుగురిలో ఒకరికి తమిళం చదవడం వచ్చి ఉండాలి. మాట్లాడటం అందరికీ వస్తుంది, రిజిస్టర్ చదవాల్సి వచ్చినప్పుడే చిక్కు.

1. ముందు ఏ స్థాయి ఆసుపత్రో తేల్చుకోండి

"ఆసుపత్రి కావాలి" అని రాస్తే ఆ కాగితం ఏ విభాగానికి పంపాలో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ప్రతి స్థాయికీ జనాభా లెక్క ఉంది, వేరే యజమాని ఉన్నాడు.

- ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రం: 15 నుంచి 20 వేల మందికి ఒకటి. ఓ.పి. చూస్తారు, మందులిస్తారు. పడకలుండవు.
- పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అంటే యు.పి.హెచ్.సి.: 50 వేల మందికి ఒకటి.
- పాలీక్లినిక్: రెండున్నర నుంచి మూడు లక్షల మందికి ఒకటి. స్పెషలిస్టులు వచ్చి చూసే చోటు.
- పట్టణ సామాజిక ఆరోగ్య కేంద్రం: 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్కలో మహానగరాల్లో 5 లక్షల మందికి ఒకటి. పడకలుంటాయి.

చెన్నై కార్పొరేషన్ పరిధిలో యు.పి.హెచ్.సి.లు కార్పొరేషన్‌వే. జి.హెచ్. (రాజీవ్ గాంధీ సర్కారు ఆసుపత్రి), స్టాన్లీ, కీల్పాక్ వంటి వైద్య కళాశాల ఆసుపత్రులు రాష్ట్ర వైద్యవిద్య డైరెక్టరేట్ కిందివి. మీ ఇంటి అడ్రసులో చెన్నై అని ఉన్నంత మాత్రాన మీరు చెన్నై కార్పొరేషన్‌లో ఉన్నట్టు అనుకోకండి. ఆవడి 2019లో, తాంబరం 2021లో సొంత కార్పొరేషన్లయ్యాయి. ఆస్తిపన్ను రసీదు తీసి పైన ఎవరి పేరుందో చూస్తే తేలిపోతుంది.

కాలనీ సంఘాలకు నా సలహా యు.పి.హెచ్.సి. గానీ వెల్‌నెస్ కేంద్రం గానీ అడగమనే. పెద్దాసుపత్రుల విషయంలో ప్రభుత్వం ముందు తన చేతిలో ఉన్న వైద్య భూములవైపే చూస్తుంది. 2023 జూన్‌లో గిండీలో తెరిచిన వెయ్యి పడకల కలైజ్ఞర్ శతజయంతి ఆసుపత్రి కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోనే వచ్చింది. అంత పెద్దది మన కాలనీ చివర ఖాళీ జాగాలోకి రాదు.

2. ఎవరికి అవసరమో లెక్క తీయండి

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. "మా వార్డులో జనాభా ఎక్కువ, ఆసుపత్రి లేదు" అని రాసేస్తారు. 2011 జనగణనలో కార్పొరేషన్ జనాభా సుమారు 67 లక్షలు. వార్డులు 200. సగటున వార్డుకు 33 వేల పైచిలుకు. 50 వేలకు ఒకటి చొప్పున వేస్తే నగరం మొత్తానికి 134 చాలు. కార్పొరేషన్ ఇప్పటికే సుమారు 140 యు.పి.హెచ్.సి.లు నడుపుతోంది. అంటే సగటు లెక్కతో వెళ్తే "కోటా పూర్తయింది" అనే జవాబు వాళ్ల దగ్గర రెడీగా ఉంటుంది.

కాబట్టి సగటు పక్కన పెట్టి దూరం, అడ్డంకి చూపించండి. 2011లో శివారు మునిసిపాలిటీలు, పంచాయతీలు కలిపి 42 స్థానిక సంస్థలు కార్పొరేషన్‌లో కలిశాయి. నగర విస్తీర్ణం 174 నుంచి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. పాత నగరంలో ఆసుపత్రులు దగ్గర దగ్గరగా ఉంటాయి, కలిసిన ప్రాంతాల్లో దూరాలు ఎక్కువ. మ్యాపులో కిలోమీటరు అనిపించేది రైల్వే లైను అడ్డొస్తే, ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు) లాంటి పెద్ద రోడ్డు దాటాల్సివస్తే రెండున్నర అవుతుంది.

మేం చేసిన పద్ధతి ఇది. మా వీధిలో ఒక పెద్దమ్మ నెలకోసారి షుగరు, బి.పి. మాత్రలకు సర్కారు ఆసుపత్రికి వెళ్తుంది. ఒక రోజు ఆవిడతో పాటు వెళ్లి టైము రాసుకున్నాం. ఇల్లు వదిలింది 6:40. బస్టాపు దాకా నడక, మధ్యలో రెండుసార్లు కూర్చుంది. బస్సుకోసం 25 నిమిషాలు. దిగాక ఫుట్ ఓవర్‌బ్రిడ్జి ఎక్కలేనంది, ఆటో ఎక్కాం. ఓ.పి. చీటీ చేతికొచ్చేసరికి 8:35. "ఆటోకి ఇచ్చింది మాత్రలకి సరిపోయేది బాబూ" అంది. ఇలాంటి ఆరు ప్రయాణాలు, ఒక్కోటి ఐదు లైన్లలో రాసి పెట్టాం. వెయ్యి సంతకాల కట్టకంటే అధికారి ఆ కాగితాన్నే ఎక్కువసేపు చదివాడు.

సేకరించాల్సినవి:

- దగ్గర్లోని మూడు సర్కారు ఆసుపత్రులు, నడక దూరం, బస్సు నంబర్లు
- గర్భిణి, వృద్ధులు, డయాలసిస్ రోగి, పసిబిడ్డ తల్లి: ఒక్కొక్కరి ఒక రోజు ప్రయాణం
- 2011 తర్వాత వచ్చిన అపార్ట్‌మెంట్లు, హౌసింగ్ బోర్డు ఇళ్లు, వాటిలో ఫ్లాట్ల సంఖ్య
- దగ్గరి యు.పి.హెచ్.సి.లో రోజుకు ఓ.పి. ఎంత, సమాచార హక్కు కింద అడిగి తెచ్చింది

3. ఒకటి కాదు, మూడు స్థలాలు చూడండి

ఒకే స్థలం పట్టుకుని వేలాడితే అది పోయినరోజు అంతా పోతుంది. కనీసం మూడు రాసుకోండి. వెతకాల్సిన వరుస ఇదీ:

మొదట, ఇప్పటికే ఆరోగ్యశాఖ లేదా కార్పొరేషన్ చేతిలో ఉన్నవి: పాత డిస్పెన్సరీ, మూతపడ్డ ప్రసూతి ఆసుపత్రి, శిథిలమైన క్వార్టర్స్. తర్వాత కార్పొరేషన్ ఇతర భవనాల్లో ఖాళీ అంతస్తు. ఆ తర్వాత రెవెన్యూ పోరంబోకు. చిట్టచివర ప్రైవేటు భూమి. ప్రైవేటు భూమి సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అధ్యయనం మొదలుకొని చాలా తతంగం ఉంది. ఒక చిన్న క్లినిక్కు కోసం ఎవరూ అంత దూరం వెళ్లరు.

పార్కు స్థలాల జోలికి మాత్రం వెళ్లకండి. పెద్ద లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు పది శాతం జాగా ఖాళీగా వదిలి అప్పగిస్తారు, దాన్నే ఓ.ఎస్.ఆర్. అంటారు. ముళ్లకంపలు పెరిగి పాడుపడినట్టు కనిపిస్తుంది, ఆసుపత్రికి ఇస్తే ఏం పోయిందనిపిస్తుంది. అది ఖాళీగా ఉంచడానికే ఇచ్చిన జాగా. ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు, న్యాయం వాళ్లవైపే ఉంటుంది.

4. భూమి కాగితాలు చదవండి

అన్నిటికంటే ఎక్కువ టైము ఇక్కడ పెట్టండి. నేను చేతులు కాల్చుకున్నదీ ఇక్కడే.

మా దగ్గర పిల్లలు క్రికెట్ ఆడే బయలు ఒకటుండేది. పదేళ్లుగా చుక్క నీరు నిలవడం ఎవరూ చూడలేదు. నేనే ముందుండి ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను, మూడు నెలలు పట్టింది. తీరా తాలూకా ఆఫీసులో గుమస్తా రిజిస్టర్ నావైపు తిప్పి ఒక మాట మీద వేలు పెట్టాడు. "ఓడై అని ఉంది సార్. మీ భాషలో వాగు." అంతే. జలవనరుగా నమోదైన భూమిని వేరే పనికి ఇవ్వడానికి వీల్లేదని కోర్టులు మళ్లీ మళ్లీ చెప్పాయి. నీరు లేకపోయినా రికార్డులో అది వాగే.

సర్వే నంబరు తెలుసుకున్నాక తమిళనాడు ఈ-సేవల వెబ్‌సైటులో పట్టా, ఎ-రిజిస్టర్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసిన రెవెన్యూ రిజిస్టర్) నకలు, ఎఫ్.ఎం.బి. స్కెచ్ (స్థలం హద్దులు, కొలతలు చూపే పటం) చూడొచ్చు. పాత నగరంలో టౌన్ సర్వే జరిగిన చోట ఎ-రిజిస్టర్‌కు బదులు టి.ఎస్.ఎల్.ఆర్., అంటే టౌన్ సర్వే భూమి రిజిస్టర్ ఉంటుంది, దాని నకలు తీయండి. రిజిస్టర్‌లో భూమి రకం గడి దగ్గర ఏముందో చూడాలి. తమిళ మాటలకు మన మాటలు ఇవి:

- ఏరి: చెరువు. కుళం, కుట్టై: కుంట. ఓడై: వాగు. వాయ్క్కాల్: కాలువ. వీటిలో ఏది కనిపించినా ఆ స్థలం జాబితాలోంచి కొట్టేయండి.
- మేయ్క్కాల్: పశువుల మేత భూమి. మార్చడం కష్టం, చాలా పైదాకా వెళ్లాలి.
- సుడుకాడు: శ్మశానం. ఇదీ వద్దు.
- పాదై: బాట. ఎవరికో దారి హక్కు ఉందని అర్థం.
- నత్తం: మన గ్రామకంఠం. ఇళ్ల జాగా. ఎవరి అనుభవంలో ఉందో విచారించాలి.
- కళం: కళ్లం. ఇప్పుడు వాడుకలో లేకపోతే ఆశ ఉంది.
- అనాదీనం: ఎవరికీ కేటాయించని ప్రభుత్వ భూమి. వీటిలో అన్నిటికంటే పనికొచ్చేది సాధారణంగా ఇదే, కానీ కేసులేమైనా ఉన్నాయేమో అడగాలి.

విస్తీర్ణం హెక్టారు, ఆర్ లెక్కలో ఉంటుంది. 0.12.50 అని ఉంటే పన్నెండున్నర ఆర్‌లు, అంటే 1,250 చదరపు మీటర్లు. మన లెక్కలో 31 సెంట్లు, చెన్నై లెక్కలో ఐదున్నర గ్రౌండ్ల పైచిలుకు. గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు.

ఎఫ్.ఎం.బి. స్కెచ్ ప్రింటు తీసుకుని స్థలం దగ్గరకు వెళ్లండి. టేపు పట్టి ముందు వెడల్పు కొలవండి. స్కెచ్‌లో 24 మీటర్లుండి, నేల మీద 19 ఉంటే ఐదు మీటర్లు పక్కవాళ్ల కాంపౌండు గోడలో ఉన్నట్టే. గొడవ పెట్టుకోవద్దు. ఫోటో తీసి, కొలత రాసి, అర్జీతో జత చేయండి. సర్వేయరును పంపే పని వాళ్లు చూసుకుంటారు.

5. మాస్టర్ ప్లాన్‌లో జోన్ ఏమిటో చూడండి

చెన్నై మహానగర ప్రాంతానికి ఇప్పుడు నడుస్తున్నది రెండో మాస్టర్ ప్లాన్. 2008 సెప్టెంబరులో అమల్లోకొచ్చింది, 2026ను లక్ష్యంగా పెట్టుకున్నది. సి.ఎం.డి.ఎ., అంటే చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ వెబ్‌సైటులో గ్రామం పేరు, సర్వే నంబరు కొడితే జోన్, అంటే ఆ భూమిని దేనికి వాడొచ్చో తెలుస్తుంది. ఇన్‌స్టిట్యూషనల్ జోన్ అయితే ఆసుపత్రికి సరిగ్గా సరిపోయినట్టు. నివాస, వాణిజ్య జోన్లలో ఏ సైజు ఆసుపత్రికి వీలుందో 2019 నాటి ఉమ్మడి అభివృద్ధి, భవన నిబంధనల్లో జాబితా ఉంది, దానితో సరిచూసుకోండి. కొన్ని ప్రాంతాలకు మాస్టర్ ప్లాన్‌తో పాటు వివరమైన అభివృద్ధి ప్రణాళిక, అంటే డి.డి.పి. వేరుగా ఉంటుంది. రెండూ చూడాలి. ఒకదాంట్లో ఓకే అయి రెండోదాంట్లో రోడ్డు పోతుందని ఉంటే అక్కడితో ఆగిపోతాం.

వ్యవసాయ జోనో, ఖాళీస్థల జోనో అయితే మార్పు కావాలి. 1971 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టంలోని 32(4) సెక్షన్ కింద ఆ మార్పు జరుగుతుంది. పత్రికల్లో ప్రకటన ఇస్తారు, అభ్యంతరాలు పిలుస్తారు, కమిటీ చూస్తుంది. నెలల పని. వేరే స్థలం ఉంటే దాని వైపు పోవడమే మేలు.

2027 నుంచి 2046 దాకా వర్తించే మూడో మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. ముసాయిదా ప్రకటించి సూచనలు పిలిచినప్పుడు మీ స్థలాన్ని ఆరోగ్య అవసరాలకు గుర్తించమని రాసివ్వండి. అయితే మ్యాపులో మీ స్థలం మీద ఆరోగ్య అవసరాల రంగు పడగానే పని అయిపోయిందనుకోవద్దు. అదే 1971 చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం, ప్రజా అవసరానికి కేటాయించిన భూమిని మూడేళ్లలో సేకరించకపోతే కేటాయింపు రద్దయినట్టే. అందుకే ప్రైవేటు భూమి మీద రంగు వేయించడం కంటే ప్రభుత్వ భూమిని శాఖ పేరు మీదికి మార్పించడం గట్టి పని.

6. నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో కొలవండి

చెన్నైలో ఇది విడిగా రాయాల్సిన అధ్యాయం. 2015 డిసెంబరు మొదటివారంలో అడయారు పొంగినప్పుడు నది దగ్గరి ఒక ఆసుపత్రిలో జనరేటర్లు మునిగి, ఐ.సి.యు. రోగులను వేరే ఆసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పల్లికరణై వైపు రోజుల తరబడి నీళ్లు తీయలేదు. ఆసుపత్రి అవసరం ఎక్కువయ్యేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

కొలిచే పద్ధతికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. స్థలం చుట్టుపక్కల నాలుగిళ్లకు వెళ్లి "2015లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" అని అడగండి. చాలామంది గోడ మీద గీత చూపిస్తారు. మా మేస్త్రి లెవెల్ ట్యూబు తెచ్చాడు, అదే నీళ్లు నింపిన పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం. ఒక కొస ఆ గీత దగ్గర పట్టుకుని, రెండో కొస మా స్థలంలో నాటిన కర్ర దగ్గర పట్టుకుంటే రెండువైపులా నీరు ఒకే మట్టానికి వచ్చింది. కర్ర మీద సున్నంతో గీత పెట్టాడు. నేల నుంచి ఒక మీటరు ఐదు సెంటీమీటర్లు. అక్కడ ఉన్న పిల్లవాడి ఛాతీ దాకా.

ఆ గీతతో చాలా విషయాలు తేలతాయి. నీటి గీతకు పైన కనీసం కొంత మార్జిన్ వదిలి నేలమట్టం పెట్టాలంటే 1.2 మీటర్ల ఎత్తు అనుకోండి. చక్రాల కుర్చీకి ర్యాంపు 12 అడుగుల పొడవుకు ఒక్క అడుగు కంటే ఎక్కువ లేవకూడదు. అంటే 1.2 మీటర్లకు 14.4 మీటర్ల ర్యాంపు, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే చదును అదనం. 19 మీటర్ల ముందు వెడల్పున్న స్థలంలో దాన్ని మడతపెట్టి కట్టాల్సిందే, అంబులెన్సు తిరగడానికి చోటు తగ్గుతుంది. చిన్న స్థలాల్లో ఈ ఒక్క లెక్కతోనే చాలా తెలిసిపోతుంది.

స్థలమంతా మట్టి పోసి ఎత్తు చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మట్టి పోస్తే ఆ నీళ్లు పక్కింటికి పోతాయి, ఆ పక్కింటివాళ్లే మీ అర్జీకి మొదటి శత్రువులవుతారు. కింద స్తంభాల మీద ఖాళీగా వదిలి పైన కట్టడం మంచిది.

ఈ విభాగానికి చెక్‌లిస్టు:

- 2015, 2023 నీటి గీతలు, కనీసం మూడు చోట్ల, ఫోటోలతో
- స్థలానికి వచ్చే రోడ్డు ఎంత లోతు మునుగుతుంది? ఆసుపత్రి పొడిగా ఉండి రోడ్డు మునిగితే లాభం లేదు
- జనరేటర్, కరెంటు ప్యానెల్, మందుల స్టోరు, టీకాల ఫ్రిజ్: నాలుగూ మొదటి అంతస్తులో పెట్టడానికి వీలుందా?
- సముద్రం, సముద్రపు పోటు వచ్చే వాగుల దగ్గరైతే తీర నియంత్రణ పరిధిలో పడుతుందా?
- పల్లికరణై వైపైతే, 2022లో రామ్‌సార్ (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల) గుర్తింపు పొందిన చిత్తడి నేలకు ఎంత దూరం? అక్కడి నిర్మాణాలపై ఆంక్షలు మారుతూ ఉన్నాయి, తాజా స్థితి సి.ఎం.డి.ఎ.లో లిఖితపూర్వకంగా అడగండి

7. దారి, బస్సు

ఇది త్వరగా అయ్యే పని. మంగళవారమో బుధవారమో ఉదయం 8 నుంచి 10 దాకా స్థలం ముందు నిలబడండి. బస్టాపు ఎన్ని అడుగులు? రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందా? కూరగాయల బండ్లు, స్కూలు వ్యాన్లు ఆగాక మిగిలిన రోడ్డు వెడల్పు కొలవండి. 108 అంబులెన్సు ఒకవైపు నుంచి వచ్చి, వెనక్కి తీయకుండా ఇంకోవైపు పోగలిగితే మంచి స్థలం. సందు చివర స్థలమైతే ఎంత చవకైనా రెండో ప్రాధాన్యంలో పెట్టండి.

8. లోపల ఏమేం పట్టాలో గీసి చూడండి

ప్లాన్ ఇంజనీరు గీస్తాడు, మీరు గీయక్కర్లేదు. కానీ గళ్ల కాగితం మీద చదరపు ముక్కలు కత్తిరించి స్థలంలో పేర్చి చూస్తే పట్టేదీ పట్టనిదీ తెలిసిపోతుంది. యు.పి.హెచ్.సి. అయితే ఓ.పి. గదులు, లాబ్, మందుల కౌంటరు, టీకా గది, కూర్చునే హాలు. ఈ హాలును ఎప్పుడూ చిన్నది చేస్తారు, ఆ తర్వాత జనం ఎండలో నిలబడతారు. నా లెక్కలో హాలుకు నీడ ఉన్న వరండా కలిపి చూడాలి.

వ్యర్థాల గది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. 2016 నిబంధనల ప్రకారం సూదులు, రక్తపు దూది వంటివి పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేరుచేయాలి, శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. ఆ గది వెనకవైపు, బండి వచ్చి తీసుకుపోయే దారి పక్కన ఉండాలి. 75 కిలోమీటర్లలోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆసుపత్రిలో సొంతంగా కాల్చే యంత్రం పెట్టకూడదు. "ఆసుపత్రి వస్తే పొగ వస్తుంది" అని పక్కవాళ్లు భయపడితే ఈ ఒక్క వాక్యం చెప్పండి, సగం వ్యతిరేకత పోతుంది.

9. పాత భవనం కూల్చి కొత్తది కట్టేట్టయితే

పాతది కూల్చేముందు ఓ.పి. ఎక్కడికి మారుతుందో రాతపూర్వకంగా తేల్చమనండి. అద్దె భవనమా, సముదాయ భవనమా, ఎన్ని నెలలు? "కాంట్రాక్టరు ఏడాదిలో కడతాడు" అన్నమాట నమ్మి తాళం వేయించుకున్న వీధులు నాకు తెలుసు. అలాగే ఆ స్థలం కొంత షాపులకో, పార్కింగుకో పోకుండా, మొత్తం ఆరోగ్య అవసరాలకే ఉంచాలని అర్జీలో ఒక పేరా పెట్టండి.

10. అర్జీ రాయడం, ఎవరి చేతికివ్వడం

రెండు పేజీలు చాలు. తమిళంలో రాయించండి, ఇంగ్లీషు నకలు జత చేయండి. తెలుగులో రాసుకున్నది మీ సంఘం ఫైల్లో ఉంటుంది.

మొదటి పేరా: ఏ స్థాయి ఆసుపత్రి, ఎంతమందికి. రెండోది: ఆరు ప్రయాణాల సారం. మూడోది: మూడు స్థలాలు, సర్వే నంబరు, విస్తీర్ణం, రికార్డులో రకం, జోన్, నీటి గీత, పట్టిక రూపంలో. నాలుగోది: మీరు ఏం అడుగుతున్నారో ఒక్క వాక్యంలో. ఆఖరున తప్పనిసరిగా ఒక మాట: డాక్టరు, నర్సు, లాబ్ టెక్నీషియన్ పోస్టులు మంజూరు చేయమని. భవనానికి ఎమ్మెల్యే నిధో ఎంపీ నిధో దొరుకుతుంది, జీతాలకు దొరకదు. పోస్టుల ఉత్తర్వు లేకుండా కట్టిన భవనం రిబ్బన్ కత్తిరించాక తాళంతో ఉంటుంది.

ఇవ్వాల్సిన వరుస:

- ముందు వార్డు కౌన్సిలర్. ఏరియా సభలో, అంటే వార్డు ప్రజల సమావేశంలో చర్చకు పెట్టించి, మినిట్సులో నమోదు చేయించండి
- తర్వాత జోనల్ ఆఫీసు, జోనల్ హెల్త్ ఆఫీసర్
- స్థలం రెవెన్యూదైతే కలెక్టరు ఆఫీసు, సోమవారం ఫిర్యాదుల దినం నాడు. భూమిని ఆరోగ్య విభాగానికి బదలాయించమని, ఆ ప్రక్రియ పూర్తయ్యేలోగా స్థలంలో అడుగు పెట్టే ఎంటర్ అపాన్ పర్మిషన్ ఇవ్వమని అడగండి
- నకలు కార్పొరేషన్ కమిషనర్‌కు, మీ ఎమ్మెల్యేకు

ప్రతి నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

11. మంజూరైన తర్వాత

ఇక్కడి నుంచి పని ఇంజనీర్లది. అయినా వరుస తెలిస్తే ఎక్కడ ఆగిందో అడగొచ్చు. ప్లానింగ్ పర్మిషన్, అగ్నిమాపక శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్.ఒ.సి.), కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఎక్స్-రే ఉంటే అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్. ఎత్తు 18.30 మీటర్లు దాటితే హై-రైజ్ నిబంధనలు వర్తిస్తాయి. కట్టే మొత్తం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. యు.పి.హెచ్.సి.కి ఈ రెండూ రావు, పెద్దాసుపత్రికి వస్తాయి.

12. ఆగిపోతే ఏం చేయాలి

అర్జీ ఇచ్చిన అరవై రోజులకు కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, రికార్డు అడగాలి. నేను వాడే ప్రశ్నలు:

- ఫలానా తేదీ అర్జీ ఇప్పుడు ఏ సీటు దగ్గరుంది? ఫైలు నంబరెంత?
- దానిపై అధికారులు రాసిన నోట్‌షీట్ నకళ్లు ఇవ్వండి
- ఈ సర్వే నంబరుపై తహసీల్దారు పంపిన నివేదిక నకలు ఇవ్వండి
- ఈ జోనల్ ఆఫీసు పరిధిలో మంజూరైన, ఖాళీగా ఉన్న వైద్య పోస్టుల జాబితా ఇవ్వండి

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబు మిగతావాటికంటే ఎక్కువ పనికొస్తుంది. దాన్ని కౌన్సిలర్‌కు తీసుకెళ్లి చూపించండి.

ఈలోగా స్థలాన్ని మరిచిపోవద్దు. మూడు నెలలకోసారి నాలుగు మూలల నుంచి ఫోటో తీసి, తేదీతో దాచండి. ముందు టీ బండి వస్తుంది. తర్వాత దానికి టార్పాలిన్, ఆ తర్వాత రేకుల షెడ్డు, ఒకరోజు పొద్దున్నే చూస్తే చిన్న గుడి. టీ బండి వచ్చిన వారమే జోనల్ ఆఫీసుకు ఫోటోతో సహా రాసివ్వండి. బండివాడితో మాత్రం మంచిగా మాట్లాడండి. ఆసుపత్రి గేటు వచ్చాక రోడ్డుకు ఇవతల అతని టీ కొట్టుకు చోటు దొరికేలా చూద్దామని మేం చెప్పాం, ఇప్పుడు ఆ స్థలాన్ని మాకంటే జాగ్రత్తగా అతనే కాపలా కాస్తున్నాడు.